బోర్లించని మూత

తీర్పరి అనే మా కంప్యూటర్ ప్రోగ్రాము తప్పు చెప్పదని రెండేళ్లపాటు ఊరంతా చాటింపు వేసింది నేనే. రాసింది నేను కాబట్టి ఎవరూ కాదనలేదు. శాలువాలు కప్పారు, కప్పించుకున్నాను. ఆ తీర్పరి మా సమ్మక్క పెద్దమ్మ పేరు పక్కన ఎర్రచుక్క పెట్టి, దాని కింద ‘ముగిసింది’ అని చూపించిన రోజున మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. కోపం యంత్రం మీద కాదు, దాన్ని రాసిన మనిషి మీద.

పెద్దమ్మ ఆర్టీసీలో కండక్టర్‌గా ముప్పై ఏళ్లు చేసింది. వేసవి సెలవులు వస్తే అమ్మ నన్ను ఆమె బస్సు ఎక్కించేసేది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పరకాల డిపో విశ్రాంతి గదిలో మా ఇద్దరికీ పులి మేక ఆట. అక్కడి సిమెంటు అరుగు మీద ఎవరో మేకుతో గీసిన పటం ఉండేది. ఇరవై మూడు ముడులు, వాటిని కలుపుతూ గీతలు. మూడు సోడా మూతలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులి పక్క ముడి ఖాళీగా ఉంటే కదులుతుంది, మేక అవతల ఖాళీ ఉంటే దూకి దాన్ని తినేస్తుంది. మేకలన్నీ చేరి మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

నేనెప్పుడూ మేకలే. తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ఆమె పులులను కట్టేసి ఎగిరి గంతేశాను.

“కట్టేసిన పెద్దమ్మా! నీ పులులకు తొవ్వే లేదు!” అంటూ మూతలు తీసెయ్యబోతే చేతి మీద ఒక్కటి పడింది.

“ఆగు పిల్లా. కట్టినోళ్లు చెప్తే అయిపోతదా? కట్టు పడ్డోళ్లు చెప్పాలె. నన్ను సూసుకోనియ్యి.”

ఆమె తాపీగా చూసుకునేది. ఒక్కొక్క పులి పక్కనా వేలు పెట్టి ప్రతి గీత వెంబడీ నడిచేది. ఎక్కడైనా దారి దొరికితే “ఇంకా!” అని కదిపేది. దొరక్కపోతే తన మూతను తన చేత్తోనే బోర్లించి “అయింది” అనేది. ఎదుటివాళ్ల మూతను ముట్టుకునే హక్కు గెలిచినవాళ్లకు లేదు. ఆ డిపోలో డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ ఈ పద్ధతిలోనే ఆడేవాళ్లు. వేరే పద్ధతి ఉంటుందని నాకు కాలేజీకి వెళ్లేదాకా తెలియదు.

హనుమకొండలో విద్యాధర్ సార్ ల్యాబులో నాకు ఇచ్చిన మొదటి పని ఈ ఆటకే కంప్యూటర్ రూపం. గెలుపును కనిపెట్టే భాగం రాయడం పెద్ద విద్యేమీ కాదు. ఏ ముడికి ఏ ముడులు పక్కన ఉన్నాయో ఒక పట్టిక రాసుకోవాలి. ప్రతి ఎత్తు తర్వాత మూడు పులులనూ చూడాలి. పక్కన ఖాళీ ఉందా? దూకడానికి చోటు ఉందా? ఏదీ లేకపోతే మేకలు గెలిచాయి. నలభై వరుసల్లో అయిపోయింది. చివర నేను మరో మూడు వరుసలు కలిపాను. పులుల తరఫున ఆడేవాళ్లకు ‘చూసుకున్నారా? ఇంకా ఉందా, అయిందా?’ అని ప్రశ్న వెళుతుంది. వాళ్లు ‘అయింది’ నొక్కితేనే ఫలితం బయటికి వస్తుంది.

సార్ చూసి నవ్వారు. “ఓడినోన్ని అడుగుడేంది వినోదా? వాడు ఈ జన్మల ఒప్పుకుంటడా? లెక్క చెప్తున్నది గదా, తీసెయ్.”

నేనూ నవ్వి తీసేశాను. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, కొత్త ఉద్యోగం, ఆయన పెద్ద పేరున్న మనిషి. ఇవి సాకులని నాకు తెలుసు.

ఆ తర్వాత సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆట ముగిసిందని చెప్పడంలో గొప్పేముంది, ముగియడం ఖాయమైపోయిన క్షణాన్ని పట్టుకోవాలి అన్నారు. రెండేళ్లు నిద్రాహారాలు మాని పట్టుకున్నాను. ఏ స్థితి నుంచైనా వీలున్న ఎత్తులన్నీ ముందుకు ఆడి చూసి, ఎటు వెళ్లినా ఒకటే ముగింపు అని తేలగానే గంట కొడుతుంది తీర్పరి. పోటీల్లో పెట్టాం. పన్నెండో ఎత్తుకే గంట మోగేది, ఆడేవాళ్లు చేతులు దులుపుకుని లేచేవాళ్లు. గంట తర్వాత ఎవరూ ఆడలేదు. అందుకని తీర్పరి ఒక్కసారీ తప్పు కాలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సంబంధం అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

పునరావాస కేంద్రం వాళ్లు అలా మా దగ్గరికి వచ్చారు. పక్షవాతం వచ్చినవాళ్లకు మాట, నడక, చేతి పని మళ్లీ నేర్పే చోటు అది. నలభై కుర్చీలు ఉంటే మూడువందల మంది ఎదురుచూస్తున్నారు. ఎవరికి సాధన కొనసాగించాలి, ఎవరిని ఇంటికి పంపాలి? సార్ కళ్లు మెరిశాయి. మెదడులో చోట్లు ముడులు, నరాల దారులు గీతలు, దెబ్బతిన్న చోట్లు మేకలు. మాట బయటికి రావాలని తన్నుకునే సంకేతం పులి. ఏ వైపు నుంచీ దారి లేదని తేలితే తీర్పరి ఎర్రచుక్క పెడుతుంది. మనిషి కుర్చీ దిగుతాడు. రెండేళ్లలో అరవై ఒక్కమంది దిగారు. వాళ్లలో ఒక్కరూ కోలుకోలేదు కాబట్టి మా ఫలితం నూటికి నూరు శాతం అని పరిశోధన పత్రం రాశాం. దాని మీద నా పేరు రెండోది.

పోయిన శ్రావణంలో పెద్దమ్మ కూరగాయలు తరుగుతూ పడిపోయింది. కుడి చెయ్యి పోయింది, కుడివైపు చూపు సగం పోయింది, మాట మొత్తం పోయింది. మొత్తం అంటే ఒక్క మాట తప్ప.

“ఇంకా” అనేది. నీళ్లు ఇస్తే ఇంకా. దుప్పటి కప్పితే ఇంకా. నా పేరు చెప్పమంటే నా మొహంలోకి చూసి, పెదాలు కూడగట్టుకుని, ఎంతో కష్టపడి “ఇంకా” అని, అది కాదని తెలిసి తలకొట్టుకునేది. ఆరోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని బాగా ఏడ్చాను.

కేంద్రంలో ఆమెను చూసే డాక్టర్ నస్రీన్ మంచి మనిషి, మొహమాటం లేని మనిషి. “ఇలా ఒక్క మాట మిగిలిపోవడం మేం చూస్తూనే ఉంటాం వినోదా. అలవాటు కొద్దీ నోటికి వచ్చేస్తుంది, అర్థం ఉండదు. ఆవిడ కండక్టర్ కదా? ‘ఇంకా ఎవరన్నా టికెట్?’ అని రోజుకు ఎన్నిసార్లు అని ఉంటారు? ఆ అరిగిన దారి ఒక్కటే మిగిలింది.”

నమ్మదగ్గ మాటే. అయిదు నెలల సాధనలో ఆమె ఎడమ చేత్తో చెంచా పట్టుకుంది, కర్రసాయంతో పదడుగులు వేసింది. రెండో మాట రాలేదు. అప్పుడు వచ్చింది ఎర్రచుక్క. సోమవారం కమిటీ కూర్చుంటుంది, సంతకాలు చేస్తుంది, మంగళవారం ఆ కుర్చీలోకి నర్సంపేట నుంచి ఒక లారీ డ్రైవర్ వస్తాడు.

మరునాడు పొద్దున్నే ల్యాబుకు వెళ్లి, కేంద్రం వాడే తీర్పరిని తెరిచి, నాలుగేళ్ల కింద తీసేసిన మూడు వరుసలు మళ్లీ రాశాను. అదేదో దొంగతనంగా చేయలేదు. నేరుగా సార్ గదిలోకి వెళ్లి చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “మీ పెద్దమ్మ అని ఇట్ల చేస్తున్నవా?”

“అవును సార్. మా పెద్దమ్మ కాకపోతే నాకు ఈ బుద్ధి వచ్చేది కాదు. అది నా తప్పే.”

“నూటికి నూరు శాతం పనిచేస్తున్న దాన్ని పట్టుకొని...”

“ఎట్ల పని చేస్తున్నది సార్? ఎర్రచుక్క పడ్డోళ్లకు సాధన ఆపేసినం. ఆపేసినంక కోలుకోలేదు. కోలుకోలేదు కాబట్టి చుక్క కరెక్టు అన్నం. గంట మోగంగనే ఆటగాన్ని లేపి పంపించి, చూసిండ్రా ఓడిపోయిండు అన్నట్టే గదా!”

ఆయన మొండి మనిషే కానీ మూర్ఖుడు కాదు. “మాట రానామెను ఏమని అడుగుతవు? ఆమె దేనికైనా ఇంకా అనే అంటది. ఇట్లయితే ఒక్క కుర్చీ ఖాళీ కాదు. బయట మూడువందల మంది ఉన్నరు, వాళ్లకేం చెప్తవు? ఆ వరుసలు తీసెయ్. తీయకుంటే రేపటి నుంచి రాకు.”

“నేను తీయను. మీరే తీయండి సార్. మార్పు చేసినోళ్ల పేరు పక్కన పడుతుంది కదా. అడగకుండా పంపించొచ్చని మీ పేరుతో రాయండి.”

గడప దాటాను. వెనక్కి తిరగలేదు. ఆదివారం మధ్యాహ్నం వరకు కూర్చుని అట్టముక్క మీద పటం గీశాను. సోడా మూతల కోసం మూడు దుకాణాలు తిరిగాను.

కమిటీ అంటే పెద్ద హంగామా ఏం కాదు. ఒక గది, బల్ల, నస్రీన్, విద్యాధర్ సార్, కేంద్రం తరఫున ఫైలు పట్టుకున్న ఒకాయన. చక్రాల కుర్చీలో పెద్దమ్మ. బయట బెంచీ మీద ఆ లారీ డ్రైవర్ భార్య టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది, నేనే ఏదో పెద్ద డాక్టర్ననుకుని. నాకు సిగ్గేసింది. కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లాను.

“ఆమె మాటకు అర్థం ఉంది” అన్నాను, అట్ట పటం, మూతలు, చింతగింజలు బల్ల మీద పెట్టి. “రుజువు చేస్తాను. నేను గదిలో ఉండి సైగ చేశానని మీరు అనకూడదు కాబట్టి తలుపు దగ్గర గోడవైపు తిరిగి నిలబడతాను. పులి మేక ఆట స్థితులు పన్నెండు మీ టాబ్లెట్‌లో పెట్టాను. తీర్పరి లెక్కన సగం కట్టు పడ్డవి, సగం దారి ఉన్నవి. ఏ వరుసలో పెడతారో మీ ఇష్టం. ప్రతిసారీ ఒక్కటే అడగండి, అయిందా అని.”

నస్రీన్ చింతగింజలు పేర్చడం వినిపించింది. “అయిందా సమ్మక్క గారూ?”

చాలాసేపు అట్ట మీద వేలు నడుస్తున్న చప్పుడు. తర్వాత “ఇంకా.”

“దారి ఉంది” అన్నారు నస్రీన్ టాబ్లెట్ చూసి. రెండోది పేర్చారు. “అయిందా?”

ఈసారి మాట లేదు. టక్‌మని చిన్న శబ్దం, మళ్లీ టక్, మళ్లీ టక్. నాకు అది ఏమిటో గోడవైపు తిరిగే తెలిసిపోయింది. ఆమె మూతలు బోర్లిస్తోంది. అయిదు నెలలుగా నీళ్లకూ దుప్పటికీ ఇంకా అన్న మనిషి నోరు మూసుకుని, తన పులులను తన చేత్తో బోర్లించింది. నాకు కళ్ల వెంట నీళ్లు ఆగలేదు.

“కట్టు” అన్నారు నస్రీన్.

పదకొండు అయ్యేసరికి తొమ్మిది సరిపోయాయి. రెండు తప్పాయి. ఆ రెంటిలోనూ ఖాళీ ముడి కుడి అంచున ఉందని నస్రీన్ తనంతట తనే పైకి చెబుతూ రాసుకున్నారు. ఆమెకు కనిపించని వైపు అది. పన్నెండోది పేర్చారు.

“అయిందా?”

“ఇంకా.”

విద్యాధర్ సార్ కుర్చీ వెనక్కి జరిగింది. “చూసిండ్రా? ఇది కట్టు పడ్డ స్థితి. తీర్పరి ముగిసింది అని చూపిస్తున్నది. ఈమె అలవాటు కొద్దీ అంటున్నదే తప్ప... డాక్టర్ గారూ, కట్టు పడ్డదానికి ఇంకా అంటే మిగిలిన తొమ్మిదిని ఎట్ల నమ్ముతం?”

నస్రీన్ పెద్దమ్మనే అడిగారు. “సమ్మక్క గారూ, మళ్లీ చూడండి. అయిందా?”

“ఇంకా!” ఈసారి గట్టిగా, చిరాగ్గా. నా చేతి మీద ఒక్కటి వేసినప్పటి గొంతు అది. తర్వాత మూత అట్ట మీద జరిగిన చప్పుడు.

“వినోదా” అన్నారు నస్రీన్ మెల్లగా. “ఇటు రా. ఇక్కడ గీత ఉంది కదా?”

వెళ్లి చూశాను. ఎడమ మూలన ఇరవై రెండో ముడి మీద ఉన్న పులి పదిహేడో ముడి మీదికి వచ్చి కూర్చుంది. ఆ రెంటి మధ్య గీత ఉంది. నేనే గీశాను. డిపో అరుగు మీదా ఉంది, ముప్పై ఏళ్లుగా. టాబ్లెట్‌లో నా పట్టిక తెరిచాను. పదిహేడు పక్కన ఇరవై రెండు ఉంది. ఇరవై రెండు పక్కన పదిహేడు లేదు. వచ్చే దారి రాశాను, పోయే దారి రాయడం మరిచిపోయాను. పోటీల్లో ఆ మూలకు పులి చేరకముందే గంట మోగేది, అందరూ లేచిపోయేవాళ్లు. ఆ మూల దాకా ఎవరూ ఆడలేదు.

పెద్దమ్మ నావైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి ఉంది. అయిదు నెలల తర్వాత మా పెద్దమ్మ నాకు మళ్లీ కనిపించింది.

సార్ మొహం పాలిపోయినా నిలదొక్కుకున్నారు. “ఆట పట్టిక వేరు, మెదడు పటం వేరు. ఇక్కడ ఒక గీత పోతే అక్కడ పోయినట్టు కాదు.”

“కాదు సార్” అన్నాను. “మెదడు పటంలో ఒక్క తప్పు కూడా లేదనే అనుకుందాం. అయినా అడగాలె. లెక్క మనది. ఆట ఆమెది.”

నస్రీన్ నావైపు కాకుండా పెద్దమ్మ వైపు తిరిగారు. “నేను అబద్ధం చెప్పను సమ్మక్క గారూ. మీ స్కాన్ ఏం మారలేదు. రెండో మాట వస్తుందని నేను చెప్పలేను. రాకపోవచ్చు. ఈ కాయితం మీద నేను సంతకం పెడితే మీ సాధన ఆగుతుంది. బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారు.” ఆమె ఒక మూత తీసి కాయితం మీద పెట్టారు. “ఇది మీది. మేం ముట్టుకోం. అయిందా?”

పెద్దమ్మ కాయితాన్ని చాలాసేపు చూసింది. ప్రతి వరుస వెంబడీ వేలు నడిపించింది, అక్షరాలు తెలుస్తున్నాయో లేదో. బయట బెంచీ ఉన్న వైపు తలుపును కూడా చూసింది. ఆ మూతను పైకే ఉంచి, కాయితం మీద నుంచి తనవైపు లాక్కుని, పిడికిట్లో పట్టుకుంది.

“ఇంకా” అంది.

నస్రీన్ సంతకం పెట్టలేదు. టాబ్లెట్‌లో ‘ఇంకా’ నొక్కారు. ఎర్రచుక్క ఆరిపోయి, నేను రాసిన వాక్యం వచ్చింది: ‘ఎదుటివారి మాట కోసం ఆగి ఉంది’.

లారీ డ్రైవర్‌కు, పెద్దమ్మకు చెరి మూడు రోజులు ఆ కుర్చీ పంచారు. ఇద్దరికీ అది చాలదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ డ్రైవర్ భార్యకూ తెలుసు. ఆమె నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు, మాట్లాడాలని నేను అడగను. కుర్చీలు పెంచమని పోట్లాడటం ఇప్పుడు నా పనుల్లో ఒకటి. ల్యాబు తలుపు నా కార్డుకు తెరుచుకోవడం మానేసింది. కానీ ఆ మూడు వరుసలు మాత్రం అక్కడే ఉన్నాయి. సార్ తీయలేదు. తీయాలంటే పేరు పడాలి మరి.

మిగిలింది అరవై ఒక్కమంది. మేం నూటికి నూరు శాతం అని రాసుకున్నవాళ్లు. నస్రీన్ చిరునామాల జాబితా ఇచ్చారు. నలుగురు పోయారు. మిగతా ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళుతున్నాను, అట్టముక్క పటం, చింతగింజల సంచి పట్టుకుని. ఆట తెలియనివాళ్లను వేరే రకంగా అడుగుతాను. ములుగులో ఒక మాస్టారు నా ప్రశ్న విని నిమ్మళంగా మూత బోర్లించారు. చాలునట. అది ఆయన మాట, నమస్కారం పెట్టి వచ్చేశాను. జనగామలో ఒకామె నా చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు. ఇప్పటికి పంతొమ్మిది మందిని అడిగాను. పదమూడు మంది ఇంకా అయిపోలేదన్నారు.

సాధన లేని రోజుల్లో పెద్దమ్మ నాతో వస్తానని పట్టుపడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటుంది, జాబితా ఒళ్లో పెట్టుకుని. నిన్న భూపాలపల్లిలో పంతొమ్మిదో ఇల్లు అయ్యాక నేను అలిసిపోయి, ఈరోజుకు చాలు, ఇంటికి పోదాం అన్నాను. ఆమె ఎడమచేతి వేలితో ఇరవయ్యో పేరు మీద పొడిచి, బస్సు కదిలే ముందు చివరి సీటు దాకా వెళ్లి టికెట్ అడిగే కండక్టర్‌లా తలెత్తి చూసింది. టికెట్ల పిలుపు గురించి నస్రీన్ అన్నదీ నిజమేనని నాకు అప్పుడు అర్థమైంది.

“ఇంకా?” అంది పెద్దమ్మ.